బల్లి పడని నూనె

నా ఉద్యోగం సంచి మోయడం. కాగితాల మీద దానికి ఇంకా గౌరవమైన పేరే ఉంది కానీ, ఇరవై ఏళ్లకు పైగా నేను చేసింది మాత్రం అదే. ఆహార తనిఖీ అధికారి ముందు నడుస్తాడు, నేను సంచితో వెనక నడుస్తాను. సంచిలో ఖాళీ సీసాలు, నూలుదారం, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, అంటించే చీటీలు. ఆదోని బజారైనా, ఎమ్మిగనూరు సంతైనా మేం జీపు దిగేసరికి సగం అంగళ్ల షట్టర్లు కిందికి దిగిపోయి ఉంటాయి. మా కన్నా ముందు మా కబురు పోతుంది. అది ఎవరు పంపుతారో నన్ను అడగవద్దు.

అంగట్లో దొరికిన నూనెనో కారంపొడినో కొంత తీసుకుని నాలుగు భాగాలు చేస్తాం. సీసాల్లో పోసి, మూతలు బిగించి, దారం చుట్టి, ముడి మీద లక్క కరిగించి ముద్ర వేస్తాం. ఆ లక్క కరిగించే పని నాది. నా కుడి బొటనవేలి మీద కాలిన మచ్చలు లెక్కపెట్టలేను. ఒక సీసా దూరాన ఉన్న పరీక్షశాలకు పోతుంది. వారాలు గడిచాక అక్కడి నుంచి కాగితం వస్తుంది. 'ఇది తినడానికి పనికిరాదు' అని అందులో ఉంటుంది. అప్పటికి ఆ సరుకంతా జనం కొనుక్కుని, వండుకుని, తిని, మరిచిపోయి ఉంటారు. మొదట్లో ఆ కాగితం చూస్తే నాకు కోపం వచ్చేది. తర్వాత తర్వాత ఫైల్లో పెట్టి టీ తాగడానికి పోయేవాణ్ణి. మనిషికి అన్నీ అలవాటవుతాయి, అదే పెద్ద రోగం.

మాది దూదేకుల ఇల్లు. నాయన ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. అమ్మ తొందరగా పోయింది. నన్ను పెంచింది అక్క. నాకన్నా ఎనిమిదేళ్లు పెద్దది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే పల్లెకు ఆమెను ఇచ్చారు. బావకు వానను నమ్ముకున్న నాలుగెకరాల చేను. అక్క ఆ ఊరి బళ్లో మధ్యాహ్నం పిల్లలకు వండి పెడుతుంది. బియ్యం, గుడ్లు పైనుంచి వస్తాయి. నూనె, ఉప్పు, చింతపండు, కూరగాయలు వండేవాళ్లే తెచ్చుకోవాలి. అక్కకు పిల్లలు లేరు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, మళ్లీ చెప్పను.

నెలకో ఆదివారం నేను బండి మీద అక్క దగ్గరికి పోయేవాణ్ణి. ఆఫీసులో నోరెత్తని వాణ్ణి ఆమె ఇంట్లో పెద్ద అధికారినయ్యేవాణ్ణి. ఆమె రొట్టె తడుతుంటే పొయ్యి పక్కన కూర్చుని కథలు చెప్పేవాణ్ణి. కారంపొడిలో ఏం కలుపుతారు, కందిపప్పుకు ఆ పసుపు యాడినుంచి వస్తుంది, బజ్జీల బండి మీద కాగిన నూనె మళ్లీ ఎన్నిసార్లు కాగుతుంది, ప్యాకెట్ మీద వేరుశెనగ బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల వేరుశెనగ ఉండాలని ఏముంది. ఉన్నదానికి కొంత కలిపే చెప్పేవాణ్ణి. కల్తీని పట్టుకునేవాడు కథను కల్తీ చేస్తే అడిగేవాడెవడు? అక్క రొట్టె పెనం మీద మాడుతున్నా పట్టించుకోకుండా వినేది.

"అంటే ప్యాకెట్ నూనె మంచిది కాదంటావా?" అని అడిగింది ఒకసారి.

"మంచిదో కాదో నువ్వెట్ల కనుక్కుంటావు? ఎవురు ఆడిచ్చినారో, దాంట్లో ఏం పోసినారో, నీకు తెలుసునా?"

"పసిపిల్లోళ్లప్పా వాళ్లు. నేనేం పెడితే అది తింటారు."

ఆ మాట నేను విన్నాను. వినడం వరకే విన్నాను. రొట్టె ఇంకొకటి వెయ్యమన్నాను.

మా వైపు వేరుశెనగను బుడ్డలంటారు. పంట వచ్చినప్పుడు అన్నిటికన్నా మంచి బుడ్డలను ఏరి విత్తనానికి దాచడం, విత్తే ముందు వలచి గింజలు చేయడం ఇంటింటా ఉన్నదే. ఆ విత్తనానికి ఒక కట్టుబాటుంది. విత్తగా మిగిలిన గింజను అంగడికి తోలకూడదు. తోలితే చేనుకు బరకత్తు పోతుందని మా వాళ్లు, లక్ష్మి పోతుందని పక్కింటి వాళ్లు. ఎవరి మాట ఏదైనా పద్ధతి ఒక్కటే. మిగిలింది ఇంట్లో వాళ్లు తినాలి, అంతకన్నా మంచిది పిల్లలకు పెట్టాలి. చిన్నప్పుడు పల్లెల్లో ఎవరి చేను విత్తడమైనా అయిపోతే మేం వాకిట్లో పోయి నిలబడేవాళ్లం. బెల్లం వేసి దంచిన ఉండలు చేతిలో పెట్టేవాళ్లు. ఏడాది పంటలో మేలురకం గింజ అది, అంత రుచి మళ్లీ ఎందులోనూ చూడలేదు.

అప్పట్లో విత్తనానికి మందు లేదు. ఇప్పుడు వేరుపురుగు ఎక్కువైంది, మందు పట్టించకుండా ఎవరూ విత్తరు. పట్ట పరిచి, దాని మీద గింజలు పోసి, ఎర్రమందు చల్లి చేతులతో కలుపుతారు. గింజలన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. నీడలో ఆరబెట్టి మర్నాడు విత్తుతారు. మందు వచ్చింది. పద్ధతి మాత్రం పోలేదు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఎట్లా కాపురం చేస్తాయో మాలో ఎవరూ ఆలోచించలేదు.

ఆ ఏడు తొలివానకు అందరూ మందు కలుపుకున్నారు. సగం చేను విత్తేసరికి మబ్బు తేలిపోయింది. మళ్లీ చినుకు పడలేదు. బావకు రెండు మూటలకు దగ్గరగా గింజ మిగిలింది.

ఇదంతా నాకు ఆ రోజు తెలియదు. నేను పోయింది నెలన్నర తర్వాత, ఒక ఆదివారం పొద్దున. వాకిట్లో బండి ఆపగానే ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఎప్పుడూ చక్రాలకు అడ్డం పడే కోళ్లు లేవు.

"కోళ్లేవక్కా?"

"తెగులొచ్చి పోయినాయప్పా. పొద్దున బాగుండాయి, సాయంత్రానికి ఏడూ పోయినాయి. ఆ మూల పూడ్సినాడు మీ బావ."

"ఊళ్లో అందరివీ పోయినాయా?"

"లేదు, మన పాపమే." అని, ఆ సంగతి పక్కకు పెట్టి నవ్వుమొహంతో బొరుగుల ఉగ్గాని పళ్లెం నా ముందు పెట్టింది. "తిని సూడు. ఎట్లుందో సెప్పు. ప్యాకెట్ నూనె కాదు, మన నూనె."

బాగుంది. అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. పచ్చి బుడ్డల వాసన గుమ్మని వస్తోంది. రెండోసారి పెట్టించుకుని తింటూ, ఈ కరువులో నూనె ఆడించేంత బుడ్డలు యాడివని అడిగాను.

"విత్తనం మిగిల్లేదా? అదే."

చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది.

ఆమె గర్వంగా చెప్పుకుపోయింది. ఒక్కసారి కాదు, మూడుసార్లు కడిగిందట. రాతి తొట్టిలో పోసి, బూడిద వేసి రుద్ది, నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడిగిందట. రంగు మొత్తం పోయిందట. రెండు దినాలు ఎండబెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తే వాసన కూడా లేదట. అప్పుడు ఎమ్మిగనూరు నూనె మిల్లుకు తీసుకుపోయి దగ్గర నిలబడి ఆడించుకుని వచ్చిందట.

"నువ్వే సెప్తివి కదా, ఎవురు ఆడిచ్చినారో తెలిసిన నూనెయితేనే నమ్మాలని. ఒక డబ్బా ఇంట్లో పెట్టి, ఒక డబ్బా బడికి తీసకపోయినాను. పిల్లోళ్లు లొట్టలేసుకుని తింటాండారు."

లేచి పెరట్లోకి పోయాను. రాతి తొట్టి అడుగున సందుల్లో గులాబీ రంగు ఇంకా ఉంది. తొట్టి నుంచి నీళ్లు పారే కాలవ కోళ్లగూడు పక్క నుంచే పోతుంది. వాటి తెగులు ఏమిటో నాకు అర్థమైంది. వెనకటి అధికారి ఒకాయన జీపులో పోతూ చెప్పిన మాట గుర్తొచ్చింది. కొన్ని మందులకు నీళ్లంటే గిట్టదు, నూనె అంటే ప్రాణం. కడిగితే పోయేది రంగు. గింజలోకి ఇంకింది నూనెలోకి దిగుతుంది. ఆయన ఏదో కబురుగా చెప్పాడు, నేనూ కబురుగానే విన్నాను.

ఎన్ని దినాల నుంచి వాడుతున్నావని అడిగితే, ఇరవై దినాలకు పైనే అంది.

నా బండికి తగిలించిన సంచిలో ఆ రోజు నాలుగు ఖాళీ సీసాలున్నాయి. మర్నాటి పనికి పెట్టుకున్నవి. చేయాల్సింది ఏమిటో ఈ తాలూకాలో నాకన్నా బాగా తెలిసినవాళ్లు పది మంది ఉండరు. మా అధికారికి ఫోన్ చేయాలి. నూనె సీసాల్లో పోయించాలి, లక్క వేయాలి, పరీక్షకు పంపాలి. బడికి చెప్పాలి, పిల్లలను ఆసుపత్రికి పంపి చూపించాలి. మిగిలిన విత్తనం ఇంకా ఎవరెవరు ఆడించారో ఊరంతా అడగాలి. ఆ మిల్లులో నూనె తీయగా మిగిలిన చెక్క ఎవరి గేదెల ముందుకు పోయిందో వెతకాలి.

కానీ సీసాకు అంటించే చీటీ మీద ఒక పేరు రాయాలి. ఎవరి దగ్గర దొరికింది అనే చోట మా అక్క పేరు రాయాలి. ఆమె వేలిముద్ర తీసుకోవాలి. ఆ పని పోతుంది, కేసవుతుంది, ఊళ్లో తల్లులంతా వాకిట్లోకి వస్తారు. నా కొడుక్కు ఏం పెట్టినావని జుట్టు పట్టుకుంటారు. ఇవన్నీ ఆమె కోసం ఆలోచించానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఆమె కోసం కొంతే. తనిఖీ ఆఫీసువాడి అక్కే పిల్లలకు విషం పెట్టిందని ఆదోనిలో చెప్పుకుంటారన్న భయం మిగతాదంతా. సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం.

బడి వంటగది తాళంచెవి గుంజకు వేలాడుతోంది. గ్యాసు పైపు చూసొస్తానని చెప్పి తీసుకుపోయాను. బడి వెనక కంపచెట్ల మధ్య గుంత తవ్వి డబ్బా మొత్తం వంచాను. తిరిగొచ్చి ఇంట్లో డబ్బా కూడా అట్లే చేశాను. అక్క అడ్డం పడింది.

"ఏం సేస్తాండావప్పా? పిచ్చి పట్టిందా?"

"బల్లి పడిందక్కా."

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. "బడి డబ్బాకు మూత సరిగ్గా పెట్టలేదు నువ్వు. బల్లి పడి సచ్చి ఉండాది. ఈ డబ్బాకూ మూత లేదు. దీంట్లో ఏం పడిందో ఎవునికి తెలుసు?"

అక్క మొహం తెల్లబోయింది. గోడకు ఆనుకుని కూలబడి రెండు చేతులతో తలకొట్టుకుంది. "పిల్లోళ్లు తినింటే ఏమయ్యుండును... దేవుడు పంపిచ్చినట్ల వచ్చినావు నాయినా." లేచి వచ్చి నా తల నిమిరి తన కణతల మీద మెటికలు విరుచుకుంది. నేను ఆమె ముందు తల వంచుకుని నిలబడ్డాను. ఆమె అది వినయం అనుకుంది.

మర్నాడు బడి పెద్దసారుకు ఫోన్ చేసి పిల్లలంతా వచ్చారా అని అడిగాను. వచ్చారన్నాడు. ఎవరికైనా కడుపునొప్పి, వాంతులు? ఎవరికీ ఏమీ లేదన్నాడు. మళ్లీ వారం చేశాను. ఆ తర్వాత చేయలేదు. ఆ నూనెలో నిజంగా ఎంత ఉందో, అసలు ఉందో లేదో, ఒక్క సీసా దాచినా తెలిసేది. నాలుగు సీసాలూ ఖాళీగానే ఆదోనికి తెచ్చుకున్నాను.

అక్క ఊరంతా చాటింది. మా తమ్ముడు లేకుంటే పిల్లోళ్లు ఆ పొద్దు ఏమైపోతుండిరో అని. నేను ఊళ్లోకి పోతే రచ్చబండ మీద కూర్చున్నవాళ్లు లేచి, "రా అన్నా, కూసో" అనేవాళ్లు. ఒకావిడ కొడుకును తీసుకొచ్చి నా కాళ్లకు దండం పెట్టించింది. అన్నం పెట్టే ముందు వండినామె, సారు తిని చూడాలి, రిజిస్టరులో గుర్తు పెట్టాలి. బళ్లో ఆ రుచి రిజిస్టరు ఉండేది. ఒకరోజు ఊరికే తిరగేశాను. ఆ ఇరవై దినాలూ 'రుచి చూశాము, బాగుంది' అని సారు రాత, కింద అక్క వేలిముద్ర. తినకుండా వేసేవాళ్లు ఎంతమందో నాకు తెలుసు. మా అక్క ప్రతి దినమూ తినే వేసింది.

కొన్నాళ్లకు నేను ఆదివారాలు పోవడం తగ్గించాను. పనుందనే వాణ్ణి. పోయినా కథలు చెప్పేవాణ్ణి కాదు. ఆమె పెట్టింది తలెత్తకుండా తిని వచ్చేవాణ్ణి. విత్తనం సంగతి ఇప్పుడు కాదు, తర్వాత చెబుదాం అనుకున్నాను. వచ్చే ఏడు విత్తే ముందు చెబుదాం అనుకున్నాను. చెప్పాలంటే బల్లి సంగతి విప్పాలి. ఆ తర్వాత వానలు కూడా కొంచెం మెరుగయ్యాయని విన్నాను. విత్తనం మిగిలి ఉండదులే అని సమాధానపడ్డాను.

ఇది జరిగిన ఐదో ఏట అక్కకు పాదాల్లో తిమ్మిరి మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. వేడి గిన్నె కాలి మీద పడితే బొబ్బ చూసుకున్నాకే తెలిసింది. తర్వాత చేతివేళ్లకు ఎక్కింది. షుగరు లేదన్నారు. ఎమ్మిగనూరులో, ఆదోనిలో మందులు వాడాం. తగ్గకపోతే పోయిన చలికాలంలో కర్నూలుకు, నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

డాక్టరు నిదానస్తుడు. సూదిమొన ఆనించి చూశాడు, చిన్న సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని అడగడం మొదలుపెట్టాడు. ఏం పని చేస్తావమ్మా, చేనుకు మందులు కొడతావా, ఏం తింటావు?

"బయటిది ముట్టను సార్. అంతా ఇంటిదే. ప్యాకెట్ నూనె కూడా తేను," అంది అక్క. చెబుతూ నా వైపు చూసింది, నేర్పినవాడి ముందు పాఠం అప్పజెప్పే పిల్ల లాగా. "విత్తనం మిగిలితే ఆ బుడ్డలే కడిగి ఆడిచ్చుకుంటాను. ఏ యేడు మిగల్లేదు? కొంచెమో గొప్పో మిగుల్తుంది. ఇంటికీ అదే, బడికీ అదే. ఒకపారి బల్లి పడింది సార్, మా తమ్ముడే సూసినాడు. ఆ పొద్దు నుంచి డబ్బాకు గుడ్డ కట్టందే వదల్ను. మూడుసార్లు కడిగేదాన్ని, ఇప్పుడు ఐదుసార్లు కడుగుతాను."

డాక్టరు రాస్తూ రాస్తూ తలెత్తాడు. "విత్తనమంటే... మందు పట్టించిన విత్తనమా?"

"కడుగుతాను కదా సార్," అంది అక్క.

ఆయన నా వైపు తిరిగి, మీరేం చేస్తుంటారని అడిగాడు. నేను నోరు తెరిచే లోపల అక్కే చెప్పింది, "తిండి మంచిదా కాదా అని పరీచ్ఛ సేసే ఆఫీసు సార్, మా తమ్మునిది."

అప్పుడు చెప్పాను. ఇంక దాచడానికి ఏముంది? డాక్టరుకు చెబుతున్నట్టు మొదలుపెట్టి అక్కకే చెప్పాను. ఆ పొద్దు బల్లి పడలేదని, పారబోసింది మందు దిగిన నూనె అని, కోళ్లకు వచ్చింది తెగులు కాదని. నరాల జబ్బుకు అదే కారణమని తాను ఇప్పుడే చెప్పలేనని, పరీక్షలు రాస్తానని, ఆ నూనె మాత్రం ఈ రోజుతో ఆపాలని డాక్టరు అన్నాడు. అక్క ఆ మాటలేవీ విన్నట్టు లేదు. తన కాళ్ల సంగతి అడగలేదు. నన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"మరి పిల్లోళ్లప్పా?" అంది.

మధ్యాహ్నం ఆదోని బస్సులో ఎమ్మిగనూరు మీదుగా తిరిగొచ్చాం. అక్క కిటికీ పక్కన కూర్చుంది. గూడూరు దాటాక మొదలుపెట్టింది. పలకకుండా ఉంటున్న వేళ్లను ఒక్కొక్కటే రెండో చేత్తో పట్టుకుని మడుస్తూ, బళ్లో ఈ ఐదేళ్లలో తన చేత్తో పెట్టిన పిల్లలను వరసగా గుర్తు చేసుకుంటోంది. చివరింటి కుట్టుమిషనాయన పెద్దకొడుకు. బోరింగు కాడ ఇంటి కవలపిల్లలు. తల్లి లేదు, అవ్వ దగ్గర ఉంటుంది చూడు, ఎప్పుడూ రెండోసారి కూర అడుగుతుంది, ఆ పాప. ఒక్కొక్కరి దగ్గర ఆగి నా మొహంలోకి చూసి అడుగుతోంది.

"వాడు బాగుండాడు కదప్పా?"

"బాగుండాడక్కా."

"ఆ పాప?"

"బాగుండాది."

ఊరి మలుపులో బస్సు దిగేదాకా అడుగుతూనే ఉంది. నేను అందరూ బాగున్నారనే చెప్పాను. వాళ్లలో ఒక్కరినీ పోయి చూసింది లేదు.